ఇంట్లోనే ఇన్‌కమ్ ట్యాక్స్ - 4వ పాఠం: ఒకే అంతస్తు, మూడు లెక్కలు

పోయిన పాఠంలో రాసుకున్న శ్లాబుల (ఆదాయపు మెట్ల) కాగితం పక్కన పెట్టుకోండి. ఒక్కో మెట్టులో పడే డబ్బుకి ఆ మెట్టు శాతమే. 2025-26కి కొత్త విధానంలో 4 లక్షల దాకా సున్నా, 8 దాకా 5 శాతం, 12 దాకా 10, 16 దాకా 15. ఇవాళ్టికి ఇంతవరకు చాలు.

కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ అనుకుందాం. ఒకే అంతస్తులో మూడు ఫ్లాట్లు, మూడింటికీ ఏడాదికి వచ్చేది 16 లక్షలే. పన్ను మాత్రం ఎవరిది వాళ్లదే. మన దగ్గర లెక్క ఇంటికి కాదు, మనిషికి. ఆలుమగలు కలిసి ఒకే రిటర్ను వేసే వీల్లేదు.

301లో ఆయన ఒక్కరిదే జీతం. జీతగాళ్లకి నేరుగా దొరికే తగ్గింపు, అంటే స్టాండర్డ్ డిడక్షన్ 75,000 తీసేస్తే 15,25,000. పన్ను 20,000 + 40,000 + 48,750 = 1,08,750. దీని మీద 4 శాతం సెస్సు 4,350. మొత్తం 1,13,100.

302లో ఇద్దరికీ చెరో 8 లక్షల జీతం. ఒక్కొక్కరికి 7,25,000 మీద 16,250 పన్ను పడుతుంది కానీ, 12 లక్షల లోపు కాబట్టి రిబేటులో (పన్ను మాఫీలో) కొట్టుకుపోతుంది. ఇద్దరూ కట్టేది సున్నా!

ఇది విని 301 ఆయన ఎఫ్‌డీ డబ్బు భార్య పేరుకి మార్చేస్తానన్నాడనుకోండి. కుదరదు. ఆయన ఇచ్చిన డబ్బుకి వచ్చే వడ్డీ తిరిగి ఆయన ఖాతాలోకే లెక్క. పోనీ పాత విధానం? అద్దె నెలకి 25,000, బేసిక్ 8 లక్షలు, హెచ్‌ఆర్‌ఏ (జీతంలో ఇచ్చే ఇంటద్దె భత్యం) 3,20,000 అనుకుందాం. అద్దెలోంచి బేసిక్‌లో పదో వంతు తీసేస్తే మినహాయింపు 2,20,000. (ఈ మినహాయింపు బేసిక్‌లో ఇంత శాతం దాటకూడదని ఒక హద్దు ఉంది. మెట్రో రైలు తిరుగుతున్నా, 2025-26 లెక్కలో హైదరాబాద్‌కి అది 40 శాతమే, 50 కాదు. ఈయనకి మాత్రం దాంతో తేడా రాదు.) 80సీ కింద (పొదుపులకి ఇచ్చే తగ్గింపు) లక్షన్నర, స్టాండర్డ్ డిడక్షన్ 50,000 కూడా తీసేసినా, పాత శ్లాబుల ప్రకారం సెస్సుతో కలిపి పన్ను 1,73,160 తేలుతుంది. అనవసరపు టెన్షన్, కొత్తదే నయం.

ఇక 303, నాకు బాగా నచ్చిన లెక్క. కొడుకు జీతం 13 లక్షలు, అమ్మగారికి ఫ్యామిలీ పెన్షన్ 3 లక్షలు. ఫ్యామిలీ పెన్షన్ జీతం కింద రాదు కాబట్టి ఆమెకి 75,000 తగ్గింపు లేదు. మూడో వంతు, 25,000, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది తీసేయాలి. మిగిలిన 2,75,000కి పన్ను లేదు.

కొడుక్కి మిగిలేది 12,25,000. శ్లాబుల ప్రకారం 63,750. 12 లక్షలు దాటింది కనక రిబేటు లేదు. కానీ దాటింది 25,000 అయితే 63,750 కట్టమనడం ఏం న్యాయం? అందుకే మార్జినల్ రిలీఫ్ పెట్టారు: దాటిన మొత్తం కంటే పన్ను ఎక్కువ కాకూడదు. కాబట్టి 25,000, సెస్సు 1,000, మొత్తం 26,000. పన్నుకి లెక్కించే ఆదాయం సుమారు 12,70,000 దాకా ఈ ఊరట ఉంటుంది, ఆపైన మామూలు లెక్కే.

ఇంటిపని: 304లో భర్త జీతం 12,75,000, భార్య జీతం 3,25,000. పెన్సిల్‌తోనే వేయండి, కాలిక్యులేటర్ వద్దు. వచ్చే పాఠం ఈ జవాబుతోనే మొదలవుతుంది.