మెడ్‌టెక్ స్టార్టప్‌లకు మీ ల్యాబ్‌ను ఇలా చూపించండి

హైదరాబాద్‌లో ఒక ఇంక్యుబేటర్‌లో, అంటే కొత్త కంపెనీలకు చోటు, సాయం ఇచ్చే సంస్థలో, వైద్య పరికరాలు చేసే (మెడ్‌టెక్) స్టార్టప్‌లకు ల్యాబ్ చోటు అద్దెకిచ్చే పని నాది. మొదటి ఏడాది పంచిన బ్రోషర్‌లో గాజు గోడలు, కాఫీ మెషిన్, చదరపు అడుగుల లెక్క ఉండేవి. చూడ్డానికి వచ్చినవాళ్లు బాగుందనేవారు, మళ్లీ ఫోన్ చేసేవారు కాదు.

ఒకరోజు పసిపిల్లల ఊపిరిని గమనించే పరికరం చేస్తున్న అమ్మాయి వచ్చింది. ప్రోటోటైప్‌ను పాత చున్నీలో చుట్టి, స్టీలు టిఫిన్ డబ్బాలో పెట్టి తెచ్చింది. వస్తూనే మోకాళ్ల మీద కూర్చుని బల్ల కింద ప్లగ్గులు చూసింది. “సార్, వీటిలో యూపీఎస్ మీద ఉన్నవేవి? నా టెస్టు 72 గంటలు నడవాలి. మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొస్తుంది” అంది. నాకు తెలియలేదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిపించి, సాయంత్రానికల్లా ఆ ప్లగ్గులన్నిటికీ ఎర్ర స్టిక్కర్లు అంటించాం. ఇప్పుడు మా ప్రచారంలో మొదటి ఫొటో అదే.

అందుకే ముందు ఒక పేజీ రాయండి. ఏ మెషిన్, ఏ మోడల్, గంటకెంత, రాత్రిపూట తాళం ఎవరి దగ్గర ఉంటుంది, చివరిసారి క్యాలిబ్రేషన్ (మెషిన్ కొలతలు సరిగ్గా ఉన్నాయో లేదో సరిచూడటం) ఎప్పుడు చేయించారు. ఈ చివరిది మాత్రం వదలకండి. ఆ మెషిన్ మీద తీసిన రీడింగులు రేపు వాళ్ల లైసెన్స్ ఫైల్లోకి వెళ్తాయి.

అడ్రసు సంగతి కూడా రాయండి. మెడికల్ డివైజెస్ రూల్స్, 2017 కింద, పరీక్షల కోసం పరికరం తయారు చేయాలంటే ఎండీ-13 టెస్ట్ లైసెన్స్ కావాలి. దరఖాస్తులో తయారయ్యే చోటు చూపించాలి. మీ అడ్రసు వాడుకోనిస్తారా, ఏ కాగితాలిస్తారు అన్నది ముందే తేల్చి చెప్పండి. కొత్త కంపెనీకి ఇదే పెద్ద టెన్షన్.

లేనిది లేదనే చెప్పండి. మా దగ్గర ఈఎమ్‌ఐ, ఈఎమ్‌సీ టెస్టింగ్ (పరికరం, చుట్టూ ఉన్న యంత్రాలు విద్యుదయస్కాంత తరంగాలతో ఒకదాన్నొకటి చెడగొట్టవని చూసే పరీక్ష) లేదు. విశాఖలో ఏఎంటీజెడ్ అనే వైద్య పరికరాల తయారీ పార్కులో ఉంది. అక్కడికి పంపేముందు మా దగ్గర ఏమేం సరిచూసుకోవచ్చో చెప్తాం. అలా చెప్పినందుకు ఎవరూ వెనక్కి పోలేదు.

ఎవరికి చెప్పాలంటే, బయోటెక్ కంపెనీలకు సాయం చేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ బైరాక్ వారు కొత్త ఆలోచనలకిచ్చే ‘బిగ్’ గ్రాంట్ ఫలితాలు రాగానే ఆ జాబితా పట్టుకుని ఫోన్లు చేయండి. 50 లక్షల దాకా డబ్బు, 18 నెలల గడువు. చోటు వెతకడానికే రెండు నెలలు పోతే వాళ్లకు ఎంత నష్టమో ఆలోచించండి. ఏడాది అగ్రిమెంట్ అడగకుండా ఒక బల్ల, ఒక నెల అని మొదలుపెట్టండి.

చూడ్డానికి వచ్చినప్పుడు పరికరం వెంట తెచ్చుకోమనండి. ఒక పూట ఉచితంగా పని చేసుకోనివ్వండి. పక్కన మీరు కాదు, ల్యాబ్ ఇంజినీరు ఉండాలి. వాళ్లు లోపలికి వచ్చేముందు మిగతా కంపెనీల బల్లల మీద గుడ్డ కప్పించండి. రేపు తమ బల్ల మీద కూడా ఇలాగే కప్పుతారని వాళ్లకు అక్కడే తెలిసిపోతుంది.