తిత్తి ఊదేవారికీ పరీక్షలున్నాయి

"మా వాడు బడి బ్యాండులో బ్యాగ్‌పైప్ వాయిస్తున్నాడండీ. కీబోర్డుకు ఉన్నట్టు దీనికీ పరీక్షలుంటాయా?" గ్లాస్గోలో ఉగాదికో దీపావళికో మనవాళ్ళం కలిసినప్పుడు, పులిహోర పళ్ళెం చేత్తో పట్టుకుని ఎవరో ఒకరు నన్ను ఈ మాట అడగకుండా ఉండరు. బ్యాగ్‌పైప్ అంటే చంకలో తిత్తి పెట్టుకుని ఊదే స్కాట్లాండు వాద్యం. సర్టిఫికెట్ చేతికి రానిదే విద్య వచ్చినట్టు కాదు మనకు. నేనూ ఆ తానులో ముక్కనే కనుక తప్పు పట్టను. అడిగిన ప్రతివారికీ పళ్ళెం చల్లారేదాకా చెప్పలేక ఇప్పుడు రాస్తున్నాను.

నాది రాజమండ్రి. ఇక్కడ ఫార్మసిస్టుగా పని చేస్తున్నాను. మా అమ్మాయి పదో ఏట, బ్యాగ్‌పైపులూ డ్రమ్ములూ కలిసి మోగే పైప్ బ్యాండులో సైడ్ డ్రమ్ము నేర్చుకోవడం మొదలుపెట్టింది. ఆమెను దింపి, గంటన్నర సేపు నడవాలో చలికి వణుకుతూ కూర్చోవడం విసుగు పుట్టి, నలభై మూడో ఏట నేనూ ఒక ప్రాక్టీస్ చాంటర్, అంటే తిత్తి లేకుండా ఊదుతూ వేళ్ళకు సాధన చేసే గొట్టం, కొన్నాను. ఇద్దరం పరీక్షలిచ్చాం. ఆమె ఏ పరీక్షా తప్పలేదు. నేను ఒకటి తప్పాను. ఆ సంగతి తర్వాత చెబుతాను, దాన్నుంచి మీకు పనికొచ్చేది ఉంది.

ముందు ఒక చిక్కు విప్పాలి. స్కాట్లాండులో పైప్ బ్యాండుల పోటీలు నడిపేది రాయల్ స్కాటిష్ పైప్ బ్యాండ్ అసోసియేషన్. 1930లో పుట్టిన సంస్థ. ఏటా ఆగస్టులో గ్లాస్గో గ్రీన్ మైదానంలో జరిగే ప్రపంచ పోటీలు దానివే. ఆ పోటీల్లో బ్యాండులకు గ్రేడులుంటాయి: 1 అన్నిటికన్నా పైది, 4బి అడుగున ఉండేది. పరీక్షల్లో స్థాయిలు సరిగ్గా దీనికి తలకిందులు, అంకె పెరిగేకొద్దీ కష్టం పెరుగుతుంది. మా అమ్మాయి బ్యాండు 4బిలో ఉందని చెబితే మా పెద్దమ్మ "అయ్యో, నాలుగుసార్లు తప్పిందా?" అని ఫోనులోనే బాధపడింది. బ్యాండు గ్రేడు బ్యాండుది. పరీక్ష స్థాయి మనిషిది. బ్యాండులో పక్కవాళ్ళ చప్పుడు చాటున మన తప్పు దాగుతుంది, పరీక్షలో దాగదు.

పరీక్షలు పెట్టేది పైపింగ్ అండ్ డ్రమ్మింగ్ క్వాలిఫికేషన్స్ బోర్డు. పైన చెప్పిన అసోసియేషనూ, గ్లాస్గోలోని నేషనల్ పైపింగ్ సెంటరూ, బ్రిటిష్ సైన్యపు పైపర్ల పాఠశాలా దీని వెనుక ఉన్నాయి. దీని స్థాయిలు స్కాట్లాండు చదువులన్నిటికీ కలిపి వేసిన పన్నెండు మెట్ల చట్రంలో ఇమిడేలా చేశారు. ఆ చట్రంలో 12 అంటే డాక్టరేటు, 6 అంటే ఇక్కడి పిల్లలు బడి చివర్లో రాసే హయ్యర్. మీ పిల్లవాడు చేయబోయేది ఎంత బరువైనదో దీన్ని బట్టి అంచనా వేసుకోవచ్చు. వాయించి చూపేది ఒక ఎత్తు, సంగీత సిద్ధాంతం ఒక ఎత్తు. సిలబస్ ఎప్పుడూ బోర్డు వెబ్‌సైటులో ఉన్న తాజాదే చూడండి. రెండేళ్ళ కిందట స్నేహితుడు పంపిన ప్రతిని నమ్ముకోవద్దు.

ఏ స్థాయితో మొదలుపెట్టాలన్నది గురువు చెప్పాలి, తండ్రి కాదు. మనవాళ్ళకు డబుల్ ప్రమోషన్ల మీద మోజు ఎక్కువ. బ్యాండులో పది పాటలు వాయిస్తున్న పిల్లవాడిని "మొదటి మెట్లెందుకు, దండగ" అని నేరుగా పైకెక్కిస్తారు. ఆ పది పాటలూ బ్యాండు ఊపులో వచ్చినవి. ఒంటరిగా నిలబెట్టి, "మెట్రోనోము (లయ టిక్కుమనిపించే యంత్రం) పెట్టుకుని స్వరాల వరస వాయించు బాబూ" అంటే చెమటలు పడతాయి. మొదటి స్థాయిల్లో తిత్తి జోలికే పోనక్కరలేదు, ప్రాక్టీస్ చాంటర్ మీదే గడిచిపోతుంది. ప్లాస్టిక్‌దైనా చాలు. గోడకు తగిలించడానికి చేసిన మెరుపుల పైపులు చౌకగా దొరుకుతాయి. అవి శ్రుతి నిలవవు, కొనవద్దు.

నా సలహా: సిద్ధాంతం ముందు చదవండి. పైపర్లకూ డ్రమ్మర్లకూ అందులో చాలాభాగం ఒకటే కనుక ఒకే ఇంట్లో ఇద్దరుంటే కలిసి చదువుకోవచ్చు. మేమలాగే వంటింటి బల్ల మీద చదివాం. స్వరాల నిడివి, చుక్కల లెక్క, 2/4, 6/8 వంటి తాళాలు, ఏది మార్చ్, ఏది స్ట్రాత్‌స్పే, ఏది రీల్, ఏది జిగ్ అన్నది (ఇవన్నీ పాటల రకాలు) కాగితం చూసి చెప్పగలగడం. వయొలిన్ నేర్చిన పిల్లలు ఒకచోట తప్పక తడబడతారు. పైపు చాంటర్ మీద స్వరాలు మొత్తం తొమ్మిదే: 'లో జీ' (కింది జీ) నుంచి 'హై ఏ' (పై ఏ) వరకు. సీ, ఎఫ్ రెండూ షార్పులే, అంటే అర మెట్టు హెచ్చినవే. వేరే సీ, వేరే ఎఫ్ లేవు కనుక సంగీతం అచ్చువేసేటప్పుడు ఆ షార్పు గుర్తులు మామూలుగా వేయరు. పియానో చదువుకున్నవారు దీన్ని చూసి అచ్చుతప్పనుకుంటారు. ఇంకో తమాషా: కాగితం మీద 'ఏ' అని రాసి ఉన్న స్వరం పియానోలోని బీ ఫ్లాట్ కన్నా కాస్త పైన పలుకుతుంది. ఇది అర్థం కాక మా ఇంట్లో రెండు రోజులు వాదన జరిగింది.

డ్రమ్మర్ల కాగితం మరీ సులువు, ఒకటే గీత. గీతకు పైన ఉన్నది కుడిచెయ్యి, కింద ఉన్నది ఎడమచెయ్యి.

ఇక వాయించడం. సన్నాయి తెలిసినవారికి బ్యాగ్‌పైప్ పనితీరు చప్పున తెలుస్తుంది. సన్నాయికి శ్రుతి పట్టే ఒత్తు వేరే మనిషి ఊదుతాడు. ఇక్కడ ఆ పనికి మూడు డ్రోన్లు తిత్తికే తగిలించి ఉంటాయి, రెండు టెనర్లు, ఒక బాస్. మన పల్లెల్లో మేకతోలుతో చేసి శ్రుతికి ఊదే తిత్తి కూడా ఈ బంధువర్గమే. తేడా ఎక్కడంటే, సన్నాయి విద్వాంసుడు ఊపిరి తగ్గించి గొంతు తగ్గించగలడు, నాలుకతో స్వరం ఆపగలడు. పైపరు ఆ రెండూ చేయలేడు. తిత్తి నిండి ఉన్నంతసేపూ శబ్దం ఒకే మోతాదులో వస్తూనే ఉంటుంది. ఒకే స్వరాన్ని రెండుసార్లు పలికించాలంటే మధ్యలో వేలితో ఒక చిన్న స్వరాన్ని చురుక్కుమనిపించాలి. అదే గ్రేస్ నోటు. పరీక్షకుడి చెవి మీ పాట మీద కన్నా వీటి మీదే ఎక్కువగా ఉంటుంది.

ఒకటి దగ్గరగా చూపిస్తాను. 'డీ' (D) నుంచి 'ఈ' (E) అనే స్వరానికి వెళ్ళాలి. డీ పలుకుతున్నప్పుడు కింది చేతి చిటికెనవేలు మూసి ఉంటుంది, మిగతా మూడు వేళ్ళూ లేచి ఉంటాయి. 'ఈ' పలకాలంటే ఆ మూడూ ఒక్కసారిగా దిగాలి, చిటికెనవేలు లేవాలి, అదే క్షణంలో పై చేతి ఉంగరపువేలు లేవాలి. మొత్తం అయిదు వేళ్ళు. అందులో ఒకటి వెంట్రుకవాసి ఆలస్యమైనా మధ్యలో ఒక దొంగస్వరం వినబడుతుంది. మనకు వినబడదు, మన మనసు పాట వెంట పరుగెత్తుతోంది కనుక. నేను దీన్ని నెల రోజులు, రోజూ పది నిమిషాలు, గోడగడియారం టిక్కుకు ఒక స్వరం చొప్పున చేశాను. మా ఆవిడ ఆ నెల వంటింటి తలుపు వేసుకుని వంట చేసింది.

డీ మీద వేసే 'త్రో', అంటే డీకి ముందు చకచకా జారే చిన్న స్వరాల గుత్తి, ఇంకో గండం. ముందు లో జీ స్పష్టంగా పలకాలి, తర్వాతే పై స్వరాలు జారాలి. తొందరలో లో జీని మింగేసేవాళ్ళే ఎక్కువ. ఫోనులో రికార్డు చేసి, వేగం సగానికి తగ్గించి వినండి. లో జీ ఉందో లేదో అక్కడ తేలిపోతుంది.

పై స్థాయిలకు వచ్చేసరికి తిత్తి చంకకు ఎక్కుతుంది, అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. నేను బోల్తాపడ్డది అక్కడే. జనవరి నెల. బస్సు దిగి, చల్లబడ్డ పైపు పెట్టెతో హాలులోకి వెళ్ళాను. పిలుపు వచ్చేలోపల ఆత్రంగా రెండు నిమిషాల్లో డ్రోన్లు శ్రుతి చేసేశాను, అద్భుతంగా కలిశాయి. లోపలికెళ్ళి మార్చ్ ఎత్తుకున్నాను. రెండో భాగానికి వచ్చేసరికి నా ఊపిరి వేడికి చాంటర్ శ్రుతి పైకి పాకింది. డ్రోన్లు ఉన్నచోటే ఉన్నాయి. చెవిలో వువ్వు వువ్వుమని కంపనం. దాన్ని సరిచేయాలని తిత్తిని ఇంకా గట్టిగా నొక్కాను, అది మరింత చెడింది. పాటలో ఒక్క తప్పూ లేదు. ఫలితం మాత్రం "మళ్ళీ రండి".

కనుక ఇలా చేయండి. ముందు పది పదిహేను నిమిషాలు వాయించి పైపును వేడెక్కనివ్వండి, అప్పటిదాకా డ్రోన్లను ముట్టుకోవద్దు. తర్వాత ఒక టెనర్ మాత్రం ఉంచి మిగతా రెండూ మూయండి. చాంటర్ మీద 'లో ఏ' పలికిస్తూ ఆ టెనర్ పైభాగాన్ని కాస్త పైకో కిందికో జరపండి. వువ్వు వువ్వుమనడం నెమ్మదిస్తూ నెమ్మదిస్తూ ఆగిపోయినచోట శ్రుతి కుదిరినట్టు. టెనర్లు 'లో ఏ'కు ఒక స్థాయి (ఆక్టేవ్) కింద, బాస్ ఇంకో స్థాయి కింద పలుకుతాయి. రెండో టెనరును మొదటిదానితో, చివరగా బాసును వాటితో కలపండి. అంతసేపూ చంకలో ఒత్తిడి మారకూడదు. ఒత్తిడి మారితే మీరు కలుపుతున్నది పైపును కాదు, మీ అలసటను.

డ్రమ్మర్ల సంగతి మా అమ్మాయి చెప్పాలి కానీ ఆమెకు రాసే ఓపిక లేదు. నేను చూసినంతలో వారికి రబ్బరు ప్యాడే దేవుడు. పారడిడిల్ అంటే కుడి ఎడమ కుడి కుడి, ఎడమ కుడి ఎడమ ఎడమ. తకధిమి ఎరిగిన ఇంటి పిల్లలకు నోటికి సులువుగానే ఎక్కుతుంది, ఎడమచేతికే ఎక్కదు. రోల్, అంటే దెబ్బలు ఒకే ధారలా వినబడేది, మొదట నెమ్మదిగా, ఒక్కో చేతికి రెండేసి దెబ్బలుగా, తర్వాత వేగంగా. ఆమె గురువు పెట్టిన కొలత నాకు నచ్చింది: రికార్డు చేసి కళ్ళు మూసుకుని విను, ఏ దెబ్బ ఏ చేతిదో నీకు తెలిసిపోతుంటే ఇంకా పరీక్షకు వెళ్ళే వేళ కాలేదు.

పరీక్షలో మాటలూ ఉంటాయి. నువ్వు వాయించింది ఏ రకం పాట, తాళం ఏమిటి, రీడ్ (గొట్టంలో శబ్దం పుట్టించే పలుచని నాలుక) తడిసిపోతే ఏం చేస్తావు వంటివి నన్నడిగారు. వేళ్ళు చకచకా ఆడించే పిల్లలు ఇక్కడ నీళ్ళు నములుతారు. మా అమ్మాయి చేత రాజమండ్రిలో ఉన్న నాన్నమ్మకు వీడియో కాల్‌లో డ్రమ్ము అంతా విప్పి వివరించమన్నాను. సైడ్ డ్రమ్ముకు పై చర్మం కిందా, అడుగు చర్మం దగ్గరా తీగలుంటాయని, ఆ గరగరలాడే పదును వాటివల్లేనని ఆమెకు తెలుగులో చెప్పడం వచ్చాక పరీక్షకుడికి ఇంగ్లీషులో చెప్పడం లెక్కే కాలేదు.

పీబ్రోక్ అనే పెద్ద సంగీతం వేరే దారి. ఒక మూల గీతం, దాని మీద పెరుగుతూ పోయే రూపాంతరాలు. దాన్ని పాతకాలంలో కాగితం మీద కాక నోటితో, అర్థంలేని అక్షరాలతో పాడి నేర్పేవారు. మన మృదంగం గురువులు జతులు చెప్పినట్టే. కొంత వయసు వచ్చాక దాని జోలికి వెళ్ళండి.

పిల్లవాడి బడి చదువుకు ఇది ఉపయోగపడుతుందా అంటే, పడుతుంది. స్కాట్లాండు బడుల్లో సంగీతం పాఠ్యాంశంగా తీసుకున్నవారు రెండు వాద్యాలు, లేదా ఒక వాద్యం, గాత్రం వినిపించాలి. అందులో ఒకటి బ్యాగ్‌పైప్ కావచ్చు. ఆపైన రాయల్ కన్సర్వెటోయిర్ ఆఫ్ స్కాట్లాండులో పైపింగ్ ప్రధానాంశంగా డిగ్రీయే ఉంది. ఇండియాలో సైనిక బ్యాండులో చేరాలనుకునేవారి దారి వేరు. సైన్యపు బ్యాండువారికి శిక్షణ మధ్యప్రదేశ్‌లోని పచ్‌మఢీలో జరుగుతుంది. మా మేనమామ అక్కడే పైపరుగా తయారయ్యాడు. నా ఫలితం విని ఆయన అన్నది ఒక్కటే: "ఒరేయ్, చలిలో శ్రుతి చేశావా?"

పరీక్ష రోజు సంచిలో పెట్టుకోవలసినవి: అదనపు చాంటర్ రీడ్, జాయింట్లు వదులైతే చుట్టడానికి మైనం పట్టించిన జనపనార దారం, తుడవడానికి గుడ్డ, నీళ్ళు. చొక్కా చంక దగ్గర జారని గుడ్డది వేసుకోండి. పట్టుచొక్కాతో వెళితే తిత్తి జారుతుంది. రెండోసారి నేను గంట ముందే వెళ్ళి, ఆ హాలు వెనుక ఉన్న సామాన్ల గదిలో చీపుళ్ళ మధ్య నిలబడి ఇరవై నిమిషాలు వాయించాకే డ్రోన్ల మీద చెయ్యి వేశాను.