కలకు రోజు పేరు కట్టడం: మాయా స్వప్నవిద్య, మూడో పాఠం

కల చెదిరిపోకముందే రాసుకోవడం గత పాఠంలో నేర్చుకున్నాం. ఈసారి ఆ కల వచ్చిన రోజుకు పేరు పెడదాం. మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలా కొండ ప్రాంతంలోని కిచే మాయా ప్రజలు ఇప్పటికీ లెక్కపెట్టే 260 రోజుల పంచాంగం ప్రకారం.

ఒకప్పుడు మెక్సికోను ఏలిన అజ్టెక్‌ల స్వప్నరహస్యాలంటూ వారాంతపు కోర్సులు నడుస్తుంటాయి. నేను వాటి జోలికి పోను. వాళ్లకు కలల గ్రంథం ఉండేదని 16వ శతాబ్దపు క్రైస్తవ (ఫ్రాన్సిస్కన్) సన్యాసి మోతోలినీయా రాశాడు. కానీ అలాంటిది ఒక్క ప్రతి కూడా మనదాకా రాలేదు. మిగిలినవి ముక్కలే. తన పతనం గురించి ఎవరికైనా కలలొచ్చాయా అని అజ్టెక్ చక్రవర్తి రెండో మోక్తెసూమా ముసలివాళ్లను పిలిపించి అడిగాడని అదే శతాబ్దపు మరో క్రైస్తవ సన్యాసి దురాన్ రాసిన చరిత్రలో ఉంది. గుడి తగలబడిందని ఒకరు, నది రాజభవనంలోకి దూసుకొచ్చిందని ఇంకొకరు చెప్పారు. చెప్పినవాళ్లందరినీ చెరలో వేయించాడు. అడిగి మరీ చెప్పించుకుని జైల్లో పెట్టడం! కథగా బాగుంది గానీ దీనితో సాధన చేయలేం.

కిచేలది బతికున్న విద్య. రోజులు లెక్కించే పెద్దలను వాళ్లు అహ్‌కిహ్ అంటారు. మోమోస్తెనాంగో ఊరు ఇందుకు పేరుపొందింది. బార్బరా, డెన్నిస్ టెడ్‌లాక్ అనే అమెరికన్ పరిశోధక దంపతులు శిష్యరికం చేసి 1976లో దీక్ష పుచ్చుకున్నది అక్కడే.

ఇక లెక్క. 1 నుంచి 13 దాకా అంకెలు ఒక వరస, 20 పేర్లు ఇంకో వరస. మన వారమూ తిథీ లాగా దేని దారిన అది నడుస్తుంది. అందుకే ఒకసారి వచ్చిన జత మళ్లీ 260 రోజులకు గానీ రాదు. పేర్లు ఇవీ: బాట్స్, ఎ, ఆహ్, ఇష్, ట్సికిన్, అహ్మాక్, నోహ్, తిహాష్, కవోక్, హునహ్పు, ఇమోష్, ఇక్, అకబల్, కాత్, కాన్, కమే, కెహ్, కనిల్, తోహ్, ట్సి.

2025 అక్టోబర్ 5న 8 బాట్స్. కొత్త అహ్‌కిహ్‌లకు దీక్షలిచ్చే పెద్ద పండగ రోజు అది. మీ కల ఆ ఏడాది దీపావళి నాడు, అంటే అక్టోబర్ 20 తెల్లవారుజామున వచ్చిందనుకోండి. మధ్యలో 15 రోజులు. 15ను 13తో భాగిస్తే శేషం 2, దానికి 8 కలిపితే 10 (మొత్తం 13 దాటితే 13 తీసేయాలి). పేర్లలో బాట్స్ తర్వాత పదిహేనోది కమే. కాబట్టి ఆ రోజు 10 కమే. రోజులు ఎక్కువైతే పేరు కోసం 20తో భాగించి శేషం పట్టండి. గ్వాటెమాలాకూ మనకూ పదకొండున్నర గంటల తేడా ఉంది కదా అని టెన్షన్ పడొద్దు, మీరున్న చోటి తేదీనే తీసుకోండి.

కమే అంటే మరణం. భయపడే రోజేం కాదు, పూర్వీకులను తలుచుకునే రోజు. తాళం వేసిన పాత ఇల్లు, లోపల ఎవరో దగ్గుతున్న చప్పుడు, ఇదీ మీ కల అనుకుందాం. కమే నాడు వస్తే అడగాల్సింది: లోపలున్న పెద్దవాళ్లెవరు? వాళ్లకు నేనేమైనా బాకీ ఉన్నానా? ఇదే కల విత్తనానికి గుర్తైన కనిల్ నాడు వస్తే: ఏ పని మొదలుపెట్టి మొలకెత్తకముందే తాళం వేశాను? పాము కనిపిస్తే ఇది, పళ్లు ఊడితే అది అని చెప్పే పుస్తకాలు ఇక్కడ పనికిరావు. కల ఒకటే అయినా రోజు మారితే ప్రశ్న మారుతుంది. ఆ ప్రశ్నకు మీరు తడుముకునే చోటే మీ గురించి మీకు తెలియనిది ఉంటుంది.

చెడ్డ కల బయటికి చెప్పకూడదని మన ఇళ్లలో అంటారు. కిచేలు మంచీ చెడూ చూడరు, పిల్లల కలలైనా చెప్పించుకుంటారు. మీరు కూడా ఒక్కరికైనా చెప్పండి. విన్నవాళ్లు అర్థం చెప్పకూడదు, ప్రశ్నలు మాత్రమే వేయాలి. ఇది నేను పెట్టిన నియమం, కిచేలది కాదు. అర్థాలు చెప్పడం మొదలైతే కల మీది కాకుండా పోతుంది.

సాధన: నోట్‌బుక్‌లో తేదీ, రోజు పేరు, కల, ప్రశ్న, ఇలా నాలుగు గడులు గీయండి. 20 రోజులకు అదే పేరు తిరిగొస్తుంది. అప్పుడు రెండు కలలనూ పక్కపక్కన పెట్టి చదవండి.

క్రీ.శ. 754 నాటి ఆల్తార్ దె సాక్రిఫీసియోస్ (గ్వాటెమాలాలోని ప్రాచీన మాయా స్థలం) కుండ మీద ఉన్న వాయ్ రూపాలు, అంటే మనిషికి నిద్రలో తోడుండే జంతురూపాలు, వచ్చే పాఠంలో చూద్దాం. ఈలోగా మీ కలల్లో పదేపదే కనిపించే జంతువుల పేర్లు నోట్‌బుక్ చివరి పేజీలో రాసి ఉంచండి.