చిన్న విమానంలో వీడియో, రేడియో మాటలు రికార్డు చేసుకోవడం: నా తప్పులతో సహా

మూడేళ్ళ కిందట, ప్రైవేట్ పైలట్ లైసెన్సు చేతికొచ్చిన కొత్తలో, టెక్సాస్‌లోని డెంటన్ నుంచి గెయిన్స్‌విల్ వెళ్ళి వచ్చిన వీడియో ఒకటి మా అమ్మకి టీవీలో పెట్టి చూపించాను. అమ్మ అప్పుడే తెనాలి నుంచి ఫ్రిస్కో వచ్చింది. రెండు నిమిషాలు చూసి, "ఏంట్రా ఇది, రైస్ మిల్లులో కూర్చోబెట్టావు? నీ మూతి కదుల్తోంది గానీ ఒక్క ముక్క వినపడట్లేదు" అంది. నిజమే. గంటా పది నిమిషాల వీడియోలో ఉన్నదల్లా ఇంజన్ మోత. ముందు అద్దంలోంచి చూస్తే ప్రొపెల్లర్ రెక్కలు అరటికాయల్లా వంపు తిరిగి, విడివిడిగా గాల్లో తేలుతున్నాయి. ఫైనల్‌లో, అంటే దిగడానికి రన్‌వేకి సూటిగా వస్తూ ఉండగా, కెమెరా ఊడి నా కాళ్ళ దగ్గర పడింది. ల్యాండింగ్ మొత్తం కార్పెట్టే.

ఆ తర్వాత సెస్నా 172 అనే చిన్న విమానాల్ని అద్దెకి తీసుకుని ఎగురుతూ ఒక్కో తప్పూ సరిచేసుకుంటూ వచ్చాను. కొత్తగా ట్రైనింగ్‌లో చేరిన కుర్రాళ్ళు "అన్నా, ఏ కెమెరా కొనాలి?" అని మెసేజ్ పెడుతుంటారు. కెమెరా ఏదైనా నడుస్తుంది తమ్ముడూ. ముందు ఆడియో సంగతి చూసుకో. చెరువు మీద సూర్యాస్తమయం వీడియో రెండుసార్లు చూస్తావు. టవర్ (విమానాశ్రయం కంట్రోల్ గది) నిన్ను "సే అగైన్", అంటే మళ్ళీ చెప్పు అని ఎందుకు అడిగిందో మాత్రం పదిసార్లు వింటావు.

చెవి కప్పులో చిన్న మైకు

అన్నిటికన్నా చవకైన పద్ధతి ఇదే, నేను ఇప్పటికీ వాడేదీ ఇదే. చొక్కా కాలరుకి పెట్టుకునే చిన్న లావలియర్ మైకు ఒకటి, జేబులో పట్టే వాయిస్ రికార్డర్ ఒకటి. మైకుని హెడ్‌సెట్ కప్పు లోపల, స్పీకర్ మీద ఉండే పల్చటి స్పాంజికి పేపర్ టేప్‌తో అంటించండి. మందుల షాపులో దొరికే తెల్ల టేపే. సెల్లోటేప్ అయితే చెమటకి ఊడుతుంది. వైరుని మెత్త కింద నుంచి బయటికి తీయాలి. కళ్ళజోడు పెట్టుకునేవాళ్ళయితే కళ్ళజోడు కాడ వెళ్ళే చోటనే తీయండి. అక్కడ ఎలాగూ సందు ఉంటుంది కాబట్టి కొత్తగా ఇంకో సందు పెట్టి మోతని లోపలికి పిలవడం ఉండదు.

మనం మాట్లాడేది నోటి దగ్గరి మైకులో కదా, అది చెవి దగ్గర ఎలా దొరుకుతుందని అనుమానం రావచ్చు. రేడియోలో మాట్లాడేటప్పుడు మన గొంతు మన చెవిలోనూ వినిపిస్తుంది, దాన్నే సైడ్‌టోన్ అంటారు. పక్క సీటాయన ఇంటర్‌కామ్‌లో అన్న మాట, టవర్ మాట, మన మాట మూడూ చెవిలోకే వస్తాయి. అందుకని చెవి దగ్గర మైకు పెడితే మూడూ దొరుకుతాయి.

రికార్డర్‌లో లెవెల్‌ని ఆటోకి వదలకండి. ఎవరూ మాట్లాడని క్షణాల్లో అది మోతని పైకి లాగుతుంది, మాట రాగానే కిందికి తొక్కుతుంది. మీ గొంతు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆగేలా చేత్తో సెట్ చేయండి. మన సైడ్‌టోన్ సాధారణంగా టవర్ మాట కన్నా గట్టిగా ఉంటుంది, కాబట్టి దాన్ని బట్టే పెట్టుకోవాలి. ఈ పద్ధతిలో హెడ్‌సెట్ వాల్యూమ్ తిప్పితే రికార్డింగ్ లెవెలూ మారుతుంది. అందుకే వాల్యూమ్ సరిచేసుకున్నాకే లెవెల్ చూడండి. 48 కిలోహెర్ట్జ్, 16 బిట్ వేవ్ ఫైల్ పెడితే స్టీరియోలో కూడా గంటకి 700 ఎంబీ లోపే. ఆ తర్వాత హోల్డ్ స్విచ్ వేసి జేబులో పడేయండి. హోల్డ్ వేయకపోతే సీట్ బెల్టు బిగించేటప్పుడు స్టాప్ నొక్కుకుపోతుంది. నాకు రెండుసార్లు అయింది.

కేబుల్ పెట్టాలనుకుంటే

రెండో పద్ధతి, హెడ్‌ఫోన్ జాక్ దగ్గర కేబుల్ కలిపి నేరుగా తీసుకోవడం. శబ్దం ఇంకా శుభ్రంగా వస్తుంది, కప్పు లోపల గాలి మోత కూడా ఉండదు. చిన్న విమానాల హెడ్‌సెట్‌కి రెండు ప్లగ్గులు ఉంటాయి. లావుది వినడానికి, కాస్త సన్నది మాట్లాడటానికి. కలపాల్సింది లావుదానికి మాత్రమే. సన్నదాని జోలికి వెళ్ళొద్దు. దాని కొస ముక్క పీటీటీ (పుష్ టు టాక్, అంటే నొక్కి పట్టుకుంటే మన మాట రేడియోలో వెళ్ళే బటన్) తీగ. ఆ కొస, మొదలు ఎక్కడైనా తగులుకుంటే రేడియో దానంతటదే ట్రాన్స్‌మిట్ అవుతూ కూర్చుంటుంది. ఫ్రీక్వెన్సీ మొత్తం మీ ఇంజన్ మోతతో నిండిపోతుంది, పాపం ల్యాండింగ్‌కి వస్తున్నవాళ్ళెవరూ మాట్లాడలేరు.

లావు ప్లగ్గుకి కూడా ఒక ప్లగ్గుని రెండుగా చీల్చే మామూలు వై స్ప్లిటర్ సరిపోదు. అక్కడ వచ్చే సిగ్నల్, రికార్డర్ మైక్ ఇన్‌పుట్ తట్టుకునేదానికన్నా చాలా ఎక్కువ. నేను ఎనిమిది డాలర్ల స్ప్లిటర్ కొని తెచ్చి చూశాను. చిరిగిపోయిన స్పీకర్ పెట్టిన పెళ్ళి పందిరిలా వచ్చింది. మధ్యలో సిగ్నల్‌ని తగ్గించే రెసిస్టర్లు ఉన్న కేబుల్ విమానాల వాళ్ళ షాపుల్లో దొరుకుతుంది, అదే కొనండి.

కేబుల్ పెట్టాక ఇంకో తలనొప్పి ఉంది. కెమెరానో ఫోనునో విమానంలోని సాకెట్ నుంచి ఛార్జ్ చేస్తూ, అదే దాంట్లోకి ఆడియో కేబుల్ కూడా పెడితే, "కీ...ఈఈ" అని ఒక ఈల వస్తుంది. థ్రాటిల్ పెంచితే ఈల పైకెక్కుతుంది, తగ్గిస్తే దిగుతుంది. అది ఆల్టర్నేటర్. పవర్ బ్యాంక్‌తో నడిపితే పోతుంది. సిగరెట్ లైటర్‌లో పెట్టే చవక ఛార్జర్లు ఇంకో రకం. అవి రేడియోలోనే బుస్సుమని శబ్దం పెడతాయి, దూరం నుంచి వచ్చే బలహీనమైన కాల్స్ ఆ బుస్సులో మునిగిపోతాయి. నేను ఆ సాకెట్ వాడటమే మానేశాను.

కెమెరా

నా కెమెరా వెనక సీటు పక్క కిటికీకి, నా కుడి భుజం మీదుగా చూస్తూ ఉంటుంది. ప్యానెల్, నా చేతులు, ముందు అద్దం మూడూ పడతాయి. ముందు అద్దానికి తగిలించొద్దు. కళ్ళకి అడ్డం, పైగా 172లో దిక్సూచి ఉండేది అక్కడే. దాని పక్కన కెమెరా గానీ అయస్కాంతం ఉన్న మౌంట్ గానీ పెడితే ముల్లు పక్కకి లాగుతుంది. ఒకసారి ఇంజన్ ఆపి ఉన్నప్పుడు కెమెరాని దిక్సూచి దగ్గరికి తీసుకెళ్ళి చూడండి, మీకే తెలుస్తుంది.

సక్షన్ కప్పు నేల మీద ఉన్నంత గట్టిగా పైన ఉండదు. దాన్ని అద్దానికి అదిమి పట్టేది బయటి గాలి ఒత్తిడే. 5,000 అడుగుల దగ్గర అది సముద్ర మట్టంతో పోలిస్తే సుమారు 83 శాతానికి దిగుతుంది. దానికి తోడు ఎండకి రబ్బరు మెత్తబడుతుంది. కాబట్టి తాడు కట్టాల్సిందే. తాడు ఎంత పొడుగంటే, కెమెరా ఊడినా కాళ్ళతో తొక్కే రడ్డర్ పెడల్స్ దాకా అందకూడదు. నా కెమెరా ఆ రోజు కుడి పెడల్ కిందికి వెళ్ళి ఉంటే ఏమయ్యేదో తల్చుకోను. కప్పు పెట్టే ముందు కిటికీ తుడవాలి కదా అని ఇంట్లో అద్దాలు తుడిచే అమ్మోనియా స్ప్రే మాత్రం కొట్టకండి. విమానం కిటికీలు యాక్రిలిక్. ఆ మందుకి సన్నటి వెంట్రుకల్లాంటి పగుళ్ళు వస్తాయి, బిల్లు మీ పేరు మీద వస్తుంది. నీళ్ళు, మెత్తటి గుడ్డ చాలు.

ఇక అరటికాయల సంగతి. దీనికి కారణం రెండు ముక్కల్లో తేలిపోయేది కాదు, కాస్త లెక్క కావాలి. కెమెరా సెన్సార్ బొమ్మని ఒకేసారి తీయదు, పై వరస నుంచి కింది వరస దాకా చదువుకుంటూ వస్తుంది. ఆ కాసేపట్లోనే రెక్క చాలా దూరం జరిగిపోతుంది, అందుకే వంపు. క్రూయిజ్‌లో, అంటే పైన నిలకడగా ఎగిరేటప్పుడు, 2,400 ఆర్‌పీఎం (నిమిషానికి చుట్లు) అనుకుందాం. అంటే సెకనుకి 40 చుట్లు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఆటోకి వదిలితే కెమెరా షట్టర్ సెకనులో 2,000వ వంతుకి దిగుతుంది. అంత తక్కువసేపట్లో రెక్క ఏడు డిగ్రీలే తిరుగుతుంది, కాబట్టి ఎక్కడికక్కడ స్పష్టంగా పడి, ముక్కలు ముక్కలుగా కనిపిస్తుంది. 172కి రెండు రెక్కలు. ఒక్కోటి అర చుట్టు తిరిగితే చక్రం మొత్తం నిండుతుంది, దానికి పట్టేది సెకనులో 80వ వంతు. కాబట్టి సెకనుకి 30 ఫ్రేములు పెట్టి, షట్టర్‌ని అంతకన్నా ఎక్కువసేపు, 60వ వంతు దగ్గర కట్టేస్తే రెక్కలు కరిగిపోయి, మన కంటికి కనిపించినట్టే పల్చటి పొరలా వస్తాయి.

అంతసేపు షట్టర్ తెరిస్తే బొమ్మ తెల్లగా మాడిపోతుంది కదా, అందుకే లెన్సుకి నల్లద్దం, అంటే ఎన్‌డీ ఫిల్టర్ తొడగాలి. టెక్సాస్ ఎండకి నేను ఎన్‌డీ32 పెడతాను. అప్పటికీ ఆకాశం తెల్లబోతే 64. మబ్బు పట్టిన రోజు 8 గానీ 16 గానీ. చీకటిపడ్డాక తీసేయడం మర్చిపోవద్దు. డాలస్ దీపాల మీదుగా వచ్చిన ఒక రాత్రి ఫ్లైట్ నా దగ్గర నల్లగుడ్డలా ఉంది.

వీడియో 4కే తీస్తే సెకనుకి 60 మెగాబిట్ల చొప్పున గంటకి 27 జీబీ. తర్వాత ప్యానెల్‌ని దగ్గరికి తెచ్చి చూసుకోవడానికి బాగుంటుంది. జులైలో మాత్రం నేను 1080కి దిగిపోతాను. ఇక్కడ ర్యాంపు (విమానాలు నిలిపే చోటు) మీద ఎండకి కెమెరా కాలిపోయి, టేకాఫ్‌కి ముందే చేతులెత్తేస్తుంది. వైఫై కూడా కట్టేయండి.

రెండిటినీ జత చేయడం

ఆడియో ఒక చోట, వీడియో ఒక చోట. ఇంజన్ స్టార్ట్ చేయకముందు, కెమెరాకి కనపడేలా, మైకున్న కప్పు మీద వేలితో మూడుసార్లు టకటకమని కొడతాను. వీడియోలో వేలు కనిపిస్తుంది, ఆడియోలో మూడు దెబ్బలు ముళ్ళలా లేస్తాయి. ఎడిటింగ్‌లో ఆ రెండూ కలిపితే అయిపోయింది. దిగి ఇంజన్ ఆపాక మళ్ళీ మూడు కొట్టాలి. రెండు పరికరాల గడియారాలూ సరిగ్గా ఒకేలా నడవవు, గంటన్నర అయ్యేసరికి పెదాలకీ మాటకీ పొత్తు తప్పుతుంది. ఆఖరి దెబ్బలుంటే ఎంత తప్పిందో తెలిసి సరిచేయొచ్చు. డావిన్చీ రిజాల్వ్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ ఉచిత వెర్షన్ ఈ పనికి బోలెడు. ఇంజన్ మోతని పూర్తిగా తీసేయకండి, సన్నగా కింద ఉంచితేనే విమానంలో ఉన్నట్టుంటుంది.

బటన్ నొక్కాక

కెమెరా, రికార్డర్ రెండూ టాక్సీకి, అంటే విమానం నేల మీద రన్‌వే వైపు కదలడానికి, ముందే మొదలవ్వాలి. పార్కింగ్‌కి వచ్చేదాకా వాటి వైపు చూడకూడదు. ఎర్ర లైటు ఆరిపోతే ఆరిపోనీ. 2014 మే 31న కొలరాడోలో వాట్కిన్స్ దగ్గర ఒక సెస్నా 150 రాత్రిపూట కూలి ఇద్దరు పోయారు. శిథిలాల్లో దొరికిన గోప్రో కెమెరా కార్డులో ఆ ఫ్లైట్ లేదు గానీ, ముందు ఫ్లైట్లలో పైలట్, ప్రయాణికులు సెల్ఫీలు తీసుకుంటున్న దృశ్యాలున్నాయి, చీకట్లో ఫ్లాష్‌తో కూడా. సెల్‌ఫోన్ వాడకం వల్ల దృష్టి మళ్ళడం కూడా ఒక కారణమని ప్రమాదాల్ని దర్యాప్తు చేసే అమెరికా సంస్థ ఎన్‌టీఎస్‌బీ రాసింది.

చట్టం సంగతి రెండు మాటలు. అమెరికాలో విమానయానాన్ని నియంత్రించే ఎఫ్ఏఏ వాళ్ళ 91.21 నిబంధన ఐఎఫ్ఆర్ (పరికరాల ఆధారంగా నడిపే) ఫ్లైట్లలో ఎలక్ట్రానిక్ వస్తువులు వద్దంటూనే వాయిస్ రికార్డర్‌ని పేరు పెట్టి వదిలేసింది, వినికిడి యంత్రం, పేస్‌మేకర్, షేవర్‌లతో పాటు. కెమెరా పేరు అందులో లేదు. అది నావిగేషన్‌కీ రేడియోకీ అడ్డు రాదని తేల్చుకోవాల్సిన బాధ్యత పైలట్‌ది. పక్కన ఇన్‌స్ట్రక్టర్ ఉంటే అడిగి పెట్టండి. మా మొదటాయన ఒద్దన్నాడు, నేను పెట్టలేదు. రెండో ఆయన పాఠం అయ్యాక వీడియో తనకీ పంపమన్నాడు. బేగంపేటలో ట్రైనింగ్ చేస్తానంటున్న మా మేనల్లుడికి మాత్రం వేరే చెప్పాను. ఇండియాలో 1937 నాటి ఎయిర్‌క్రాఫ్ట్ రూల్స్‌లోని 13వ రూలు ప్రకారం విమానంలోంచి ఫొటో తీయాలంటే అనుమతి కావాల్సిందే. "ముందు మీ అకాడమీ వాళ్ళ దగ్గర రాతపూర్వకంగా తీసుకోరా, ఆ తర్వాతే కెమెరా బయటికి తియ్" అన్నాను.

ఇంతకీ ఈ ఆడియోతో నేను కనిపెట్టింది ఒకటుంది. టవర్ వాళ్ళు నా కాల్‌సైన్‌ని (రేడియోలో విమానాన్ని పిలిచే పేరు) పదేపదే అడిగేవారు. నా తెలుగు యాసే కారణమని మనసులో కుంగిపోయేవాణ్ణి. నా రికార్డింగ్ వింటే అంతా స్పష్టంగానే ఉంది. ఒక రోజు అదే కాల్‌ని, టవర్ మాటల రికార్డింగులు ఉండే లైవ్‌ఏటీసీ వెబ్‌సైటు ఆర్కైవ్‌లో వెతికి పక్కపక్కన పెట్టాను. అక్కడ ఫైళ్ళు అరగంట ముక్కలుగా, జూలూ టైములో (అంటే యూటీసీలో) ఉంటాయి. నా కాల్‌సైన్‌లో ఆఖరి అక్షరం ఎక్స్, రేడియోలో దాన్ని "ఎక్స్‌రే" అంటారు. నా రికార్డింగ్‌లో "ఎక్స్‌రే" నిండుగా ఉంది. నేల మీది రిసీవర్‌లో "ఎక్స్" దగ్గరే తెగిపోయింది. ఇంటర్‌కామ్ నా గొంతుని నాకు ఎప్పుడూ వినిపిస్తూనే ఉంటుంది కాబట్టి నాకు తెలియలేదు. నేను ఆఖరి అక్షరం పూర్తవకముందే పీటీటీ మీద వేలు తీసేస్తున్నాను. యాస కాదు, బొటనవేలు.

అమ్మ ఈ ఏడాది మళ్ళీ వచ్చింది. కొత్త వీడియో పెట్టాను. టవర్ మాట, నా మాట అన్నీ వినిపించాయి. కాసేపు విని, "వాళ్ళు చెప్పిందే మళ్ళీ నువ్వు చెబుతున్నావేంట్రా, చిన్నప్పుడు ఎక్కాలు అప్పజెప్పినట్టు?" అంది.