కొత్త స్కూల్లో ఫ్రెండ్‌ని ఎంచుకోవడం ఎలా

తిరుపతిలో కొత్త స్కూల్లో తొమ్మిదిలో చేరావా? మొదటి వారం ఎవరితోనూ మరీ రాసుకుపూసుకు తిరగొద్దు, ఊరికే చూడు. మామూలుగా పక్క బెంచీవాడే ఫ్రెండైపోతాడు, దగ్గరుంటాడు కాబట్టి. తప్పేం కాదు గానీ అక్కడే ఆగిపోకు. నీ డబ్బాలో చెనక్కాయల ఊరిబిండి చూసి ఎవడు నవ్వాడు, ఎవడు కాస్త పెట్టమని చెయ్యి చాపాడు, క్లాసుకు రానివాళ్ల గురించి ఎవడేం వాగుతున్నాడు, ఇవన్నీ గమనించు, ఎందుకంటే రేపు నువ్వు ఆబ్సెంటైతే అవే మాటలు నీ మీద.

ఇంకా తేలలేదా? ఆదివారం అలిపిరి నుంచి కొండెక్కండి, 3,550 మెట్లు. మొదటి వంద మెట్లకు అందరూ హీరోలే (నేనూ అంతే). గాలిగోపురం రాకముందే నువ్వు కూలబడితే, బాటిల్లో మిగిలిన నీళ్లు నీకిచ్చి పక్కన కూర్చున్నవాడి దగ్గరికి సోమవారం బెంచీ మార్చుకో.