చదరంగం నేర్చుకుందాం – 7: ఓటమి ఒప్పుకునే ముందు

కిందటి ఆదివారం ఒంగోలులో మా వరండాలో ఆడుతున్న ఎనిమిదో తరగతి అబ్బాయి తన రాజును పడుకోబెట్టి లేచాడు. "అయిపోయింది మాస్టారూ." బొమ్మలు కదపవద్దన్నాను. మీరూ పేర్చుకోండి (అక్షరం నిలువు వరుసకు, అంకె అడ్డ వరుసకు గుర్తు): తెల్లరాజు హెచ్1, మంత్రి హెచ్5. నల్లరాజు జీ8, బంటు జీ7, ఏనుగులు ఏ2, బీ2. ఎత్తు తెల్లవారిది.

నలుపు ఏ2 ఏనుగును ఏ1కి దించితే, తెల్ల మంత్రి డీ1లో అడ్డుపడినా, ఆట కట్టే. అబ్బాయి కళ్లు అక్కడే అతుక్కుపోయాయి. మంత్రిని ఈ8కి జరిపి చెక్ చెప్పండి. రాజుకు హెచ్7 ఒక్కటే దారి. మంత్రి మళ్లీ హెచ్5కి వస్తే మళ్లీ చెక్, రాజు జీ8కే వెనుదిరగాలి. ఇలా ఎంతసేపైనా తిప్పవచ్చు. అదే స్థితి మూడోసారి రాగానే డ్రా అడగవచ్చు.

సిగ్గుపడకు, ప్రపంచ ఛాంపియన్ కాస్పరోవ్ కూడా ఇలాగే లేచాడన్నాను. 1997 మేలో న్యూయార్క్‌లో డీప్ బ్లూ కంప్యూటర్‌తో రెండో ఆటలో 45వ ఎత్తు తరవాత ఓటమి ఒప్పుకున్నాడు. ఎడతెగని చెక్‌లతో డ్రాకు దారి ఉందని తరవాత విశ్లేషకులు చూపించారు. యంత్రం అంత చిన్న సందు వదలదని నమ్మి ఆయన వెతకనేలేదు. పోటీ 2.5–3.5తో చేజారింది. నా ఉద్దేశంలో ఆయనను ఓడించింది యంత్రం లెక్క కంటే దాని మీది భయమే.

రాజకీయం తెలిసినవాళ్లు తలలు లెక్కపెట్టకుండా లేవరు. మన జిల్లాకు పేరిచ్చిన ప్రకాశం పంతులు గారి ప్రభుత్వం 1954లో అవిశ్వాస తీర్మానంలో పడిపోయింది ఒక్క ఓటు తేడాతోనే. బల్ల మీదా అంతే, ఒక్క గడి చాలు.

కాబట్టి చేతులెత్తేయాలనిపించినప్పుడు మొదట మీరు చెప్పగల చెక్‌లన్నీ, పిచ్చివాటితో సహా, చూడండి. తరవాత చంపగలిగినవి చూడండి. అవతలివాడి మొహం మాత్రం చూడకండి, అది ఎప్పుడూ గెలిచినట్టే ఉంటుంది! ఇప్పుడు ఫోనులోని ఇంజను (చదరంగం లెక్కగట్టే ప్రోగ్రాం) ఈ స్థితికి క్షణంలో సున్నా, అంటే సమానమని, చూపిస్తుంది. మీ జవాబు కాగితం మీద రాసేదాకా దాన్ని తెరవవద్దు.

ఇంటిపని: బీ2 ఏనుగును బీ8లో పెట్టండి. ఈ8లో చెక్ ఇస్తే మంత్రి పోతుంది. కానీ ఇప్పుడు ఏ2 ఏనుగుకు కాపలా లేదు. తెల్లవారి ఎత్తు ఏది?