పాయింట్ గార్డ్ దారి: అమెరికా హైస్కూల్ జిమ్ నుంచి మొదటి జీతం దాకా

అమెరికా హైస్కూల్ బాస్కెట్‌బాల్ కోర్టులో మూడు పాయింట్ల గీత బుట్టకు 19 అడుగుల 9 అంగుళాల దూరంలో ఉంటుంది. కాలేజీలో అది 22 అడుగుల 1¾ అంగుళాలు. ఎన్‌బీఏలో ఎదురుగా 23 అడుగుల 9 అంగుళాలు, మూలల్లో 22 అడుగులు. దూరం ఇలా పెరుగుతుంటే టైమ్ తగ్గుతూ వస్తుంది. చాలా రాష్ట్రాల్లో హైస్కూల్ ఆటకు షాట్ క్లాకే (బంతి అందాక షాట్ వేయాల్సిన గడువు) లేదు, ఉన్నచోట 30 లేదా 35 సెకన్లు. కాలేజీలో 30. ఎన్‌బీఏలో, యూరప్‌లో 24. కాలేజీలో బంతిని సగం కోర్టు దాటించడానికి 10 సెకన్లు ఇస్తారు, పైన 8 మాత్రమే. హైస్కూల్లో ఆటకు పాతిక పాయింట్లు కొట్టిన కుర్రాడు కాలేజీ మొదటి ఏడాది బెంచీ మీద కూర్చోవడానికి అసలు కారణం ఎక్కువసార్లు ఈ రెండు మార్పులే. ఎత్తు ఆ తర్వాతి సంగతి.

కాబట్టి ఇప్పుడు ఆడుతున్న మెట్టు కోసం కాకుండా పై మెట్టు కోసం సాధన చేయాలి. డల్లాస్, న్యూజెర్సీ, బే ఏరియాల్లో పిల్లల్ని వారాంతం టోర్నమెంట్లకు తిప్పే తెలుగు అమ్మానాన్నలను దృష్టిలో పెట్టుకుని రాసిందిది. ఇది పాయింట్ గార్డ్, అంటే బంతి తెచ్చి జట్టు ఆటను నడిపించే అబ్బాయి దారి. అమ్మాయిలకు డ్రాఫ్ట్ (ప్రొఫెషనల్ జట్లు కొత్త ఆటగాళ్లను ఎంచుకునే పద్ధతి) నిబంధనలు, లీగులు వేరు, బంతి కూడా ఒక సైజు చిన్నది. ఆట చదవడం మాత్రం ఇద్దరికీ ఒకటే.

రోజువారీ సాధన

షాట్లు ఎన్ని వేశాడని అడగకండి, ఎన్ని పడ్డాయని అడగండి. రోజుకు 200 పడాలి: కుడి చేతి డ్రిబుల్ నుంచి ఆగి వేసినవి 60, ఎడమ చేతి డ్రిబుల్ నుంచి 60, పాస్ అందుకుని వెంటనే వేసినవి 50, ఫ్లోటర్లు (పరుగులోనే పొడుగువాళ్ల చేతుల మీదుగా ఎత్తుగా వేసే షాట్లు) 30. మధ్య మధ్యలో, ఆయాసపడుతున్నప్పుడే, రెండేసి ఫ్రీ త్రోలు (ఫౌల్‌కి దక్కే, ఎవరూ అడ్డుకోని షాట్లు) వేయించాలి. ఒక నోట్‌బుక్ పెట్టి, తప్పినవి ఎటు తప్పాయో రాసుకోమనండి. బుట్ట ముందే పడిపోతుంటే కాళ్లు అలిసిపోయాయని అర్థం, ఆ రోజుకు ఆపేయడం మంచిది. ఎడమకో కుడికో పోతుంటే లోపం మోచేతిలోనో పాదాల నిలకడలోనో ఉంటుంది. అది కాళ్ల బలంతో పోయేది కాదు.

పదో తరగతి కుర్రాళ్లందరూ స్టెఫెన్ కరీలా ముప్పై అడుగుల నుంచి విసరాలని చూస్తారు. బలం చాలక బంతిని నడుము దగ్గర నుంచి తోస్తారు. ఆ అలవాటు ఒకసారి పడితే పోగొట్టడానికి ఏడాది పడుతుంది. హైస్కూల్ గీత దగ్గర, మీద ఎవరూ లేనప్పుడు, 100కి 60 పడేదాకా వెనక్కి జరగనివ్వకండి.

రెండు బంతులతో, టెన్నిస్ బంతులతో చేసే డ్రిబుల్ విన్యాసాలు వీడియోల్లో బాగుంటాయి. వార్మప్‌కి ఐదు నిమిషాలు చాలు. అసలు పని ఎదురుగా మనిషి ఉన్నప్పుడే జరుగుతుంది. సైడ్‌లైన్ పక్కన పది అడుగుల వెడల్పు దారి గీసి, ఒక డిఫెండర్‌ని పెట్టి, ఆ చివరి నుంచి ఈ చివరికి బంతి తీసుకురమ్మనండి. ఎనిమిది సార్లు, అందులో సగం బలహీనమైన చేత్తో. పాస్ కూడా అంతే. రెండు చేతులతో ఛాతీ నుంచి ఇచ్చే పాస్‌కి పైస్థాయిలో టైమ్ ఉండదు. డ్రిబుల్ నడుస్తుండగానే ఒంటి చేత్తో, బంతిని మళ్లీ పట్టుకోకుండా ఇవ్వాలి. గోడ మీద గుర్తు పెట్టి కుడితో 50, ఎడమతో 50. ఎడమ చేత్తో అవతలి మూలకు సూటిగా పాస్ ఇవ్వలేని పాయింట్ గార్డ్‌ని మంచి డిఫెన్స్ సగం కోర్టుకే కట్టేస్తుంది.

మూడో మనిషిని చూడటం

ఇప్పుడు కాలేజీలోనైనా ప్రొఫెషనల్‌లోనైనా పాయింట్ గార్డ్ పనిలో ఎక్కువ భాగం పిక్ అండ్ రోలే. సహచరుడు వచ్చి డిఫెండర్‌కి అడ్డంగా స్క్రీన్ పెడతాడు, గార్డ్ దాన్ని రాసుకుంటూ వెళ్తాడు. ఎదుటి జట్టు దీన్ని ఎదుర్కొనే పద్ధతులు నాలుగైదే. ఏది వస్తోందో స్క్రీన్ చేరేలోపే గుర్తుపట్టాలి.

పెద్ద డిఫెండర్ వెనక్కి తగ్గి బుట్ట దగ్గర నిలబడితే అది డ్రాప్. అప్పుడు ఫ్రీ త్రో గీత దగ్గర జాగా ఖాళీగా ఉంటుంది. ఆగి షాట్ వేయాలి, లేదంటే వెనక నుంచి తరుముకొస్తున్న, తనను కాస్తున్న డిఫెండర్‌ని వీపు మీదే ఆపుకుని నెమ్మదిగా లోపలికి నడవాలి. తొందరపడి వేగం పెంచితే వచ్చిన మేలు కాస్తా పోతుంది. డిఫెండర్ స్క్రీన్ కింద నుంచి దూరి వస్తే షాట్ నమ్మడం లేదని అర్థం. అక్కడే వేయాలి, లేదా స్క్రీన్‌ని రెండడుగులు కిందికి జరిపి మళ్లీ పెట్టించాలి. ఇద్దరూ మీదికి దూకితే అది బ్లిట్జ్: రెండు డ్రిబుల్స్ వెనక్కి వేసి ఇద్దర్నీ దూరం లాక్కొచ్చి, స్క్రీన్ పెట్టినవాడికి వాళ్ల తల మీదుగా పాస్. ఇద్దరి మధ్య నుంచి దూరిపోవాలని చూడటం ఈ వయసులో అందరూ చేసే తప్పు. పదిసార్లలో ఒకసారి పనిచేస్తుంది, ఆ ఒక్కటే వీడియోలో కనిపిస్తుంది. ఇక మనుషులు మారిపోతే, అంటే స్విచ్ అయితే, కంగారు పడనక్కర్లేదు. నెమ్మదైన పొడుగువాణ్ని సైడ్ వైపు లాక్కెళ్లి ఆడటమో, లోపల పొట్టివాడితో మిగిలిన తన సెంటర్‌కి బంతి ఇవ్వడమో చేయాలి.

ఇదంతా బంతి దగ్గరున్న ఇద్దరు డిఫెండర్ల గురించి. పాయింట్ గార్డ్ కళ్లు ఉండాల్సింది మూడోవాడి మీద, అంటే అవతలి మూలను కాస్తున్నవాడి మీద. బుట్ట వైపు పరుగెత్తే స్క్రీనర్‌ని ఆపడానికి అతను లోపలికి ఒక అడుగు వేస్తే అవతలి మూల ఖాళీ, బంతి అక్కడికే పోవాలి. వేయకపోతే స్క్రీనర్‌కి లాబ్, అంటే పైకెత్తి ఇచ్చే పాస్. స్క్రీనర్‌నే చూస్తూ ఉండే గార్డ్‌కి ఈ తేడా పాస్ వదిలాక గానీ తెలియదు, అప్పటికి అది ఎదుటివాడి చేతిలో ఉంటుంది. వారానికి ఒక ఆట వీడియో పెట్టుకుని, స్క్రీన్ దగ్గర ఆపి, ‘మూడోవాడు ఎక్కడ?’ అని అడగండి. బాస్కెట్‌బాల్ తెలియని నాన్న కూడా చేయగలిగిన కోచింగ్ ఇది.

తరచూ కనబడే తప్పులు ఇంకొన్ని. స్క్రీన్ పూర్తిగా నిలబడకముందే బయల్దేరడం: ఫౌల్ స్క్రీన్ పెట్టినవాడి పేరు మీద పడుతుంది, తప్పు మాత్రం గార్డ్‌దే. అరసెకను ఆగి, భుజం భుజానికి రాసుకునేలా వెళ్లాలి. ఎవరికివ్వాలో తేల్చుకోకుండా గాల్లోకి లేవడం. సగం గీత దాటగానే మూలన డ్రిబుల్ ఆపేయడం: అక్కడ రెండు గీతలూ ఇద్దరు అదనపు డిఫెండర్ల లెక్క. గడియారం చూడకపోవడం మరొకటి. 24 సెకన్ల ఆటలో క్వార్టర్ చివర్లో 32 నుంచి 35 సెకన్లు మిగిలుండగా షాట్ వేస్తే ఆఖరి బంతి మళ్లీ మన చేతికే వస్తుంది. ఇది గుర్తుపెట్టుకుని జట్టుకు అరిచి చెప్పేవాడే కోచ్‌కి కావాలి.

ప్రతి టర్నోవర్‌కి (బంతి పోగొట్టుకోవడానికి) కనీసం రెండు అసిస్టులు (బుట్టలో పడిన షాట్‌కి ఇచ్చిన పాసులు) ఉండాలన్నది పాత కొలబద్ద, ఇప్పటికీ మంచిదే.

జట్టు, మార్కులు, ఈమెయిళ్లు

వేసవిలో షూ కంపెనీలు నడిపే నైకీ ఈవైబీఎల్, అడిడాస్ 3ఎస్‌ఎస్‌బీ, అండర్ ఆర్మర్ సర్క్యూట్ల ఆటలకు కాలేజీ కోచ్‌లు వస్తారు. ఆ చొక్కా వేసుకోవాలని అందరికీ ఉంటుంది. అక్కడ ఆరో గార్డ్‌గా కూర్చోవడం కంటే చిన్న జట్టులో బంతి చేతిలో ఉంచుకుని ఆటకు పాతిక నిమిషాలు ఆడటం మేలు. చేరేముందు డైరెక్టర్‌ని అడగాల్సింది ఒకటే: మా వాడు ఆడేటప్పుడు బంతి ఎవరు తెస్తారు?

కాలేజీ ఆటలో పై మెట్టైన డివిజన్ 1లో ఆడాలంటే గుర్తింపు పొందిన 16 కోర్ కోర్సులు కావాలి: ఇంగ్లీష్ 4, ఆల్జీబ్రా 1 నుంచి పైకి లెక్కలు 3, సైన్స్ 2, ఈ మూడింట్లోంచి అదనంగా 1, సోషల్ 2, మిగతావి 4. వాటిలో జీపీఏ 2.3 ఉండాలి. డివిజన్ 2కి 2.2. మన ఇళ్లలో జీపీఏ దగ్గర ఎవరూ ఆగిపోరు. ఆగిపోయేది ఇంకోచోట. పన్నెండో తరగతి మొదలయ్యేలోపు 16లో 10 పూర్తవ్వాలి, ఆ పదిలో 7 ఇంగ్లీష్, లెక్కలు, సైన్స్‌వే కావాలి. వేసవిలో తొందరగా అయిపోతుందని చేసిన ఆన్‌లైన్ కోర్సు ఆ స్కూల్ పేరు మీద ఎన్‌సీఏఏ (కాలేజీ క్రీడల సంఘం) ఆమోదించిన జాబితాలో లేకపోతే లెక్కలోకి రాదు. తొమ్మిదో తరగతిలోనే స్కూల్ కౌన్సెలర్ దగ్గర ఆ జాబితా తీసుకుని గోడకు అంటించండి.

డివిజన్ 1 కోచ్‌లు పదో తరగతి ముగిశాక జూన్ 15 నుంచి పిల్లలతో నేరుగా మాట్లాడొచ్చు. అంతకుముందు జవాబు రాలేదని నిరాశపడక్కర్లేదు, రాయడం మాత్రం ఆపకూడదు. ఈమెయిల్ పిల్లవాడే రాయాలి. నాన్న రాసిన ఈమెయిల్ కోచ్‌కి రెండో వాక్యంలోనే తెలిసిపోతుంది. చెప్పుల్లేకుండా కొలిచిన ఎత్తు, చేతుల చాపు, గ్రాడ్యుయేషన్ ఏడాది, జీపీఏ, రాబోయే ఆటల తేదీలు, కోర్టు నంబర్, జెర్సీ నంబర్ అందులో ఉంటే చాలు. వీడియో మూడు నిమిషాలు దాటకూడదు, వెంట ఒక పూర్తి ఆట లింక్ ఉండాలి. మొదటి ముప్పై సెకన్లలో డంక్‌లు వద్దు. పిక్ అండ్ రోల్ నుంచి ఇచ్చిన పాసులు, బంతి మీద చేసిన డిఫెన్స్ పెట్టండి. సంగీతం తీసేయండి.

కాలేజీ ఎంపిక

ఐవీ లీగ్, డివిజన్ 3 కాలేజీల్లో క్రీడా స్కాలర్‌షిప్‌లు ఉండవు, కుటుంబ ఆదాయాన్ని బట్టి ఆర్థిక సాయం ఉంటుంది. జెరెమీ లిన్‌కి డివిజన్ 1 నుంచి ఒక్క స్కాలర్‌షిప్ రాలేదు, హార్వర్డ్‌లో ఆడి, 2010 డ్రాఫ్ట్‌లో ఎవరూ తీసుకోకపోయినా ఎన్‌బీఏకి చేరాడు. ఫ్రెడ్ వాన్‌వ్లీట్ విచిటా స్టేట్‌లో నాలుగేళ్లు ఆడాడు, 2016 డ్రాఫ్ట్‌లో అతని పేరూ రాలేదు, 2019లో టొరాంటోతో చాంపియన్ అయ్యాడు. జేలెన్ బ్రన్సన్ విలనోవాలో మూడేళ్లు ఆడాక 2018లో 33వ స్థానంలో వెళ్లాడు. పాయింట్ గార్డ్‌కి ఏళ్లు కలిసొస్తాయి. పంతొమ్మిదేళ్లకే తయారైపోవాలన్న తొందర పొడుగాటి వింగ్‌లకు (పక్కల ఆడేవాళ్లకు) సరిపోతుందేమో గానీ ఇతనికి కాదు.

2024 నుంచి ఆటగాళ్లు కాలేజీ ఎన్నిసార్లు మారినా ఏడాది కూర్చోకుండా వెంటనే ఆడొచ్చు. దాని దెబ్బ హైస్కూల్ పిల్లల మీద పడింది. కోచ్‌లు పద్దెనిమిదేళ్ల గార్డ్ బదులు కాలేజీ మారాలనుకునేవాళ్ల జాబితా అయిన పోర్టల్లోంచి ఇరవై రెండేళ్లవాణ్ని తెచ్చుకుంటున్నారు. ఆటగాళ్లకు కాలేజీలే నేరుగా డబ్బు ఇవ్వడానికి వీలు కల్పించిన 2025 కోర్టు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీల్లో జట్టుకు 15 మందే, కాబట్టి సొంత ఖర్చుతో చేరే వాకాన్‌లకు చోటు తగ్గింది. అందుకే చిన్న కాన్ఫరెన్స్‌లో (కాలేజీల లీగ్‌లో) మొదటి ఏడాదే నిమిషాలు దొరికే కాలేజీ మంచిది. డేమియన్ లిలార్డ్ వీబర్ స్టేట్ అనే అలాంటి కాలేజీ నుంచే ఎన్‌బీఏకి వెళ్లాడు.

మనవాళ్లు మరిచిపోకూడనిది వీసా. కాలేజీ ఆటగాళ్లకు ఇప్పుడు పేరు, బొమ్మ వాడుకున్నందుకు డబ్బు వస్తోంది, కాలేజీలే నేరుగా ఇస్తున్నాయి కూడా. హెచ్-4 మీదో ఎఫ్-1 మీదో ఉన్న పిల్లవాడు ఆ డబ్బు తీసుకుంటే అనుమతి లేకుండా పనిచేసినట్టు అయ్యే ప్రమాదం ఉంది. పైగా హెచ్-4 ఇరవై ఒకటో పుట్టినరోజుతో అయిపోతుంది, అది సరిగ్గా కాలేజీ మూడో ఏడాదికి వస్తుంది. ఇమ్మిగ్రేషన్ లాయర్ చదివాకే సంతకం.

డబ్బులిచ్చే ఆట

డ్రాఫ్ట్‌కి అర్హత రావాలంటే ఆ క్యాలెండర్ ఏడాదిలో 19 నిండాలి, అమెరికాలో చదివినవాడైతే తన హైస్కూల్ బ్యాచ్ బయటికొచ్చి ఒక ఎన్‌బీఏ సీజన్ గడవాలి. ఎన్‌బీఏ జట్టులో మామూలు ఒప్పందాలు 15, వాటికి తోడు టూ-వే ఒప్పందాలు 3. టూ-వే ఆటగాడు జీ లీగ్‌కీ (ఎన్‌బీఏ కింది లీగ్) ఎన్‌బీఏకీ మధ్య తిరుగుతాడు, ఎన్‌బీఏలో గరిష్ఠంగా 50 ఆటలకు జట్టులో ఉండొచ్చు. ఎగ్జిబిట్ 10 అనేది శిక్షణ శిబిరానికి పిలుపు. అక్కడ తీసేసినా, ఆ జట్టుకు అనుబంధమైన జీ లీగ్ జట్టులో 60 రోజులు ఉంటే బోనస్ వస్తుంది. జీ లీగ్‌లో ఒక చిత్రమైన నిబంధన: చివరి రెండు నిమిషాలు తప్ప, రెండు పాయింట్ల ఫౌల్‌కి ఒకటే ఫ్రీ త్రో, పడితే రెండు పాయింట్లు. ఆయాసంలో వేసిన ఆ సాధన ఇక్కడ పనికొస్తుంది.

ఎక్కువమందికి మొదటి జీతం వచ్చేది మాత్రం విదేశాల నుంచే. యూరప్ లీగుల్లో విదేశీయులకు పరిమితి ఉంటుంది, కాబట్టి ఆ చోటుకు తెచ్చుకున్న అమెరికన్ గార్డ్ పాయింట్లు కొట్టాలని క్లబ్ ఆశిస్తుంది. పాసులు బాగా ఇచ్చి ఆటకు ఆరు పాయింట్లు చేసేవాణ్ని డిసెంబర్‌లోనే పంపించేస్తారు. ఒప్పందంలో జీతం చెల్లించే తేదీలు, ఆలస్యమైతే ఏం చేయాలి, ఇల్లు, గాయమైతే వైద్యం ఎవరిది, రానుపోను టికెట్లు అన్నీ రాతపూర్వకంగా ఉండాలి. వివాదం వస్తే బాస్కెట్‌బాల్ ఆర్బిట్రల్ ట్రిబ్యునల్‌కి వెళ్లే క్లాజ్ లేకపోతే సంతకం పెట్టొద్దు. ఆ క్లాజ్ లేకుండా జీతం ఆగితే ఆ దేశపు కోర్టులో, ఆ భాషలో పోరాడాలి. ఎన్‌బీఏకి ప్లేయర్స్ అసోసియేషన్ గుర్తింపు, విదేశాలకు ఫీబా (అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య) లైసెన్స్ ఉన్న ఏజెంట్లనే నమ్మండి. ముందే డబ్బు కట్టమని అడిగేవాడు ఎంత పెద్ద పేర్లు చెప్పినా ఫోన్ పెట్టేయండి.